సోల్‌గోల్‌లో లేని నీటిమర

కొరియాలో తేజోన్ స్టేషన్ వెనక సందులో, కింద కోడి పులుసు దుకాణం, పైన పళ్ళ డాక్టరు ఉన్న భవనంలో మూడో అంతస్తులో మీరాన్ పనిచేసే ఆఫీసు ఉంది. ఆస్పత్రులకు, హోటళ్ళకు, జిల్లా కార్యాలయాలకు వ్యాసాలు తయారుచేసి ఇవ్వడం వాళ్ళ వ్యాపారం. ఒకప్పుడు ఆ గదిలో మనుషులు కూర్చుని రాసేవారు. ఇప్పుడు యంత్రం రాస్తుంది. ఏం రాయాలో దానికి మీరాన్ చెబుతుంది. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోయారు. ఆమె మిగిలింది గొప్పగా రాస్తుందని కాదు, విడమరిచి చెప్పగలదని.

చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని మొదట్లో అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఎవరినైనా కూర్చోబెట్టి చెప్పించాల్సింది. మోకాళ్ళ నొప్పి గురించి వ్యాసం రాయమంటే యంత్రం చిటికెలో రాసి పడేస్తుంది, చదివినవాళ్ళకు మోకాలు అలాగే ఉండి తలనొప్పి అదనంగా వస్తుంది. మీరాన్ అలా అడగదు. చదివేది ఎవరో ముందు చెబుతుంది. మెట్లెక్కి ఇంటికి పోవాల్సిన, పొద్దుటి నుంచి సంతలో గొంతుక్కూచుని ముల్లంగి అమ్మే, డాక్టరంటే హడలిపోయే ఒక పెద్దావిడ. చెప్పేది ఎవరో చెబుతుంది. పక్క కొట్టులో చేపలమ్మే ఆమె, నిరుడు తన మోకాలు చూపించుకుని వచ్చింది. 'సుందరమైన', 'మరపురాని' లాంటి మాటలు వస్తే ఒప్పుకోనంటుంది. చివర్లో ప్రతిసారీ ఒకే మాట రాస్తుంది: "మీకు తెలియనిది కల్పించకండి. తెలియకపోతే ఆ చోటు వదిలెయ్యండి."

యంత్రాన్ని 'మీరు' అనడం చూసి టీమ్ లీడర్ తక్ ఆటపట్టించేవాడు. ఆమెకంటే పదేళ్ళు చిన్నవాడు.

"అక్కా, అదేమైనా మీ మామగారా?"

"పెళ్ళే చేసుకోనిదానికి మామగారెక్కడొస్తాడు? మర్యాదగా అడిగితే నా బుర్ర కుదురుగా ఉంటుంది. దానికోసం కాదులే, నాకోసం."

మీరాన్ పుట్టిన ఊరు సోల్‌గోల్. అదిప్పుడు సరస్సు అడుగున ఉంది. ఆనకట్ట కట్టి ఊరిని ఖాళీ చేయించినప్పుడు ఆమెకు ఐదేళ్ళు. నగరానికి వచ్చిన మరుసటి చలికాలం అమ్మ పోయింది. నాన్న ఊరి మాట గానీ అమ్మ మాట గానీ ఎత్తేవాడు కాదు. ఎప్పుడైనా ఎత్తితే వెంటనే సోజు సారా సీసా కూడా ఎత్తేవాడు, అందుకని ఆమే అడగడం మానేసింది. తర్వాత ఆయనా పోయాడు.

ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే. ఎవరిదో వీపు. చెంపకు రాసుకునే నూలు గుడ్డ, వేడి తగ్గని పిండి వాసన, ఊగుతూ ఊగుతూ సాగడం, పైనుంచి తెంపు లేకుండా ఏదో గొంతు. అంతే, ముందూ వెనకా లేదు. అది జ్ఞాపకమో కలో ఆమెకే తెలియదు. ఊరివాళ్ళను అడగాలంటే భయం. కలేలే అని తేల్చేస్తే ఆ ఒక్కటీ పోతుంది. అమ్మను ఒక్కసారి, ఒక్క పనిలో, ఒక్క చోట చూడాలన్న కోరిక మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గలేదు. నడివయసు వచ్చాక ఇంకా పెరిగింది.

ఆ వేసవి చివర్లో తక్ ఆమె బల్ల దగ్గరకు చల్లకాఫీ పట్టుకుని వచ్చాడు.

"అక్కా, నీకో మంచి పని తెచ్చాను."

అక్కా అన్నాడు, కాఫీ కూడా తెచ్చాడు, అంటే గడువు మీద పడిందన్నమాట.

"ఎప్పటికి?"

"రేపటికి అనను. ఎల్లుండి పొద్దున్నకి." కాఫీ ముందుకు జరిపాడు. "సరస్సు కింద మునిగిన ఊళ్ళ గురించి జిల్లా కార్యాలయంవాళ్ళు అడిగారు. ఊరికో వ్యాసం. ఈసారి ఒడ్డున పూజలో చదువుతారట. వసంతంలో రాతిపలక మీద చెక్కిస్తారట. సోల్‌గోల్ మీదేగా?"

నీళ్ళలో పోయిన ఊళ్ళవాళ్ళు ఏటా శరదృతువులో ఒడ్డున చేరి, నీటివైపు తిరిగి తమ ఊరికే నైవేద్యం పెట్టి మొక్కుతారు. మీరాన్ చాలాసార్లు వెళ్ళింది. మొక్కడానికి తనకంటూ ఏ ఇల్లూ కళ్ళముందుకు రాక, పక్కవాళ్ళు వంగినప్పుడల్లా తనూ వంగి వచ్చేసేది.

సోల్‌గోల్ గురించి ఆమె యంత్రాన్ని ఎప్పటిలాగే అడిగింది. తనకు తెలిసిన నాలుగు ముక్కలూ ఇచ్చింది. చివరి మాటా రాసింది. యంత్రం చెప్పినట్టే విన్నది. కొండల నడుమ ఒక ఊరు ఉండేది, ఆనకట్ట వచ్చింది, జనం తరలిపోయారు, మిగతా వివరాలు అందుబాటులో లేవు. తిరుగు టపాలో వచ్చిన ప్రభుత్వ జవాబులా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. యంత్రానికి తెలియదు, తెలియదని చెప్పింది. తనకూ తెలిసింది అంతేనని మీరాన్‌కు అప్పుడు అర్థమయింది.

తర్వాత 'కల్పించకండి' అన్న ఆ చివరి మాట కొట్టేసింది. దాని స్థానంలో ఇలా రాసింది: "ఆ ఊళ్ళో పుట్టిన ఆడమనిషిలా చెప్పండి. చప్పుళ్ళు, వాసనలు రావాలి. అమ్మను కళ్ళకు కట్టించండి."

యంత్రం కట్టించింది. ఊరి పై కొసన వాగు నీళ్ళకు నీటిమర తిరిగేదని రాసింది. పొద్దున్నే దాని చప్పుడుకే పిల్లలు లేచేవారట. అమ్మ చేతులు పైకి మడుచుకుని, రోకలి కింద బార్లీని ఎగదోస్తూ, గడప మీద కూర్చున్న కూతురివైపు మధ్య మధ్య తిరిగి నవ్వేదట. మీరాన్ ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. మడిచిన చేతులు కనిపించాయి. పక్కకు తిరిగిన మొహం దాదాపు కనిపించింది. పిండి వాసన ఎక్కడిదో తెలిసిపోయిందనుకుంది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. తక్ చూసి, చూడనట్టు కింద పులుసు దుకాణానికి పోయాడు.

అయినా వృత్తిలో అలవాటైన అనుమానం ఊరుకోదు కదా. గుమ్‌రే పిన్నికి ఫోన్ చేసింది. అమ్మ సొంత చెల్లెలు, సరస్సు పైన కొత్తగా కట్టిన ఊళ్ళో ఒక్కతే మిరప పండించుకుంటుంది. అమ్మను బాగా ఎరిగినవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే.

"పిన్నీ, మనూళ్ళో నీటిమర ఉండేదా?"

"ఏంటే? గట్టిగా చెప్పు. మబ్బు పట్టింది, మిరపకాయలు ఎత్తుతున్నా."

"నీటిమర పిన్నీ. ఉండేదా?"

"ఉండే ఉంటుందే, ఏ ఊళ్ళో లేదు? ఇదిగో చినుకు పడింది, పెట్టేయ్."

మీరాన్‌కు కావలసిన జవాబు దొరికింది. కావలసిన జవాబు దొరికాక మళ్ళీ అడిగేవాళ్ళెవరు?

పూజ రోజు బస్సులు సియోల్ నుంచి, తేగు నుంచి వచ్చాయి. గుడారం కింద బల్ల మీద ఆపిళ్ళు, ఎండు చేప, బియ్యం పిండి ముద్దలు పేర్చారు. సోల్‌గోల్ సంఘం అధ్యక్షుడు మేంగ్ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని వ్యాసం చదివాడు. నీటిమర దగ్గరకు వచ్చేసరికి ఆయన కాగితం దించేశాడు.

"ఆ చక్రాన్ని బాగుచేసింది మా తాతే," అన్నాడు మైకులోనే.

ఇక చూడాలి. ఒకావిడ ఆ మర వెనకే తలంటు పోసుకునేదట. ఇంకొకాయన చిన్నప్పుడు దాని కాలవలో పడి కొట్టుకుపోబోతే వాళ్ళన్న జుట్టు పట్టుకుని లాగాడట. ఆ అన్న పక్కనే ఉండి అవునని తలూపాడు. మీరాన్ చేతులు పట్టుకుని, "ఎంత బాగా గుర్తు పెట్టుకున్నావమ్మా, పసిపిల్లవి కదా అప్పుడు," అన్నారు. ఆమె జన్మలో మొదటిసారి నీటివైపు తిరిగి, ఒక చోటు అనుకుని, అక్కడికి మొక్కింది.

మొక్కులయ్యాక వేడి పులుసు, అన్నం వడ్డించారు. గుమ్‌రే పిన్ని ఆమె పక్కన చేరి, తన గిన్నెలోని మాంసం ముక్కలన్నీ ఏరి మీరాన్ గిన్నెలో వేసింది.

"తినవే, చిక్కిపోయావు. పేడముక్కలా నల్లబడ్డావు కూడా." తర్వాత గొంతు తగ్గించింది. "ఇందాక మేంగ్ పెద్దాయన ఏదో చదివాడు, సగం వినపడి చావలేదు. మర అంటాడేంటి? సోల్‌గోల్‌లో మర ఎక్కడిదే?"

మీరాన్ చెంచా ఆగిపోయింది.

"నువ్వే కదా పిన్నీ ఉందన్నావు."

"నేనా? ఎప్పుడు? వానొస్తుంటే ఏదో అనుంటాను. మన వాగులో బాతు ఈదడానికే నీళ్ళు చాలవు, మర తిరగడమా. మాట్లాడితే నవ్వుతారు. గింజలు పట్టించాలంటే కొండ దాటి అవతలి ఊరికి పోవాల్సిందే. అక్కడ డీజిల్ మర ఉండేది. ఆ కనుమ చూడు, అదే." వేలు చూపించింది. సరస్సు అవతల రెండు కొండల మధ్య చిన్న నొక్కు ఒకటి నీళ్ళకు పైన మిగిలి ఉంది. "నేను ముందు, మీ అమ్మ వెనక. దాని నెత్తిన బస్తా, వీపున నువ్వు. నాలుగేళ్ళ గుర్రానివి, నడువంటే నడిచేదానివి కాదు. తిరిగొచ్చేటప్పుడు బస్తాలోంచి పిండి రాలి నీ జుట్టంతా తెల్లగా అయ్యేది. ముసలమ్మను మోసుకొస్తున్నావా అక్కా అని నేను నవ్వేదాన్ని."

వేడి తగ్గని పిండి. ఊగడం. నూలు గుడ్డ. నలభై ఏళ్ళు కలేమోనని దాచుకున్నది కల కాదు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఊళ్ళోనే మర ఉంటే అమ్మ కొండ దాటాల్సిన పనే లేదు. తను అడిగి తెప్పించుకున్న ఆ మర, రేపు రాతి మీద చెక్కించబోతున్న ఆ మర, అమ్మ నడిచిన దారిని తుడిచేసింది.

"పిన్నీ, అమ్మ అప్పుడు ఏదో మాట్లాడుతూ ఉండేదా?"

"ఆపితేగా. నువ్వు నిద్రపోతే బరువెక్కుతావని దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది."

"ఏం చెప్పేది?"

పిన్ని ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, గిన్నెలో పులుసు చల్లారేదాకా.

"నాకేం తెలుసే," అంది చివరికి. "నేను ముందు నడిచేదాన్ని."

మర్నాడు మీరాన్ ఆఫీసుకు పోయి మొదట మేంగ్ పెద్దాయనకు ఫోన్ చేసింది. రాతిపలకకు పంపే వ్యాసం మార్చాలని, మర తీసేయాలని చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది.

పెద్దాయనకు కోపం వచ్చింది. "నిన్న కాక మొన్న పుట్టినదానివి, మా తాత బాగుచేసిన చక్రం లేదంటావా? అంతమంది ఏడ్చారు, చూడలేదూ?"

"చూశాను బాబాయ్. నేనూ ఏడ్చాను. మీ అమ్మగారు పిండి ఎక్కడ పట్టించేవారు?"

అవతల ఎక్కడో టీవీ మోగుతోంది. ఆయన ఫోన్ పక్కన పెట్టి పోయాడేమో అనుకుంది.

"కొండ దాటి పోయేది," అన్నాడు ఆయన. "మా తాత బాగుచేసింది ఎడ్లబండి చక్రం అనుకుంటా. నీటిమర బాగుంది కదమ్మా. ఉంటే బాగుండేది."

"అవును బాబాయ్. ఉంటే బాగుండేది."

"మార్చు అయితే," అని పెట్టేశాడు.

మీరాన్ యంత్రం ముందు కూర్చుంది. సోల్‌గోల్‌లో నీటిమర లేదని మొదటి వాక్యం రాసింది. వాగు ఎంత సన్నగా ఉండేదో, కనుమ ఎక్కడుందో, ఆడవాళ్ళు ఏం మోశారో పిన్ని మాటల్లోనే రాసింది. పిల్ల జుట్టులో రాలిన పిండి గురించి, దారిలో ముందు నడిచిన పిన్ని నవ్వు గురించి రాసింది. చదివేది ఎవరో చెప్పింది. ఆ ఊరిని చూసినవాళ్ళు, చూసి మరిచినవాళ్ళు, రేపు ఆ రాయి ముందు ఆగే ముక్కూమొహం తెలియనివాళ్ళు. వాడకూడని మాటలు చెప్పింది. తక్ వెనకనుంచి తొంగి చూసి, ఇంత రాశాక యంత్రం రాయడానికి ఏం మిగిలింది అన్నాడు. ఆమె తిరగలేదు.

అప్పుడు కొట్టేసిన చివరి మాట మళ్ళీ దాని చోటులో పెట్టింది. అది చాలదనిపించింది. కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చింది.

"దారి పొడుగునా తల్లి బిడ్డకు ఏదో చెబుతూనే ఉంది. ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు, అది మాత్రం మీరు రాయకండి."