గోడ నీడలో ఊపిరి బిగబట్టకండి

రోడ్డు పక్కన నిమ్మకాయలు గుచ్చి పసుపు పూసిన రాయి కనిపిస్తే మీ బండి వేగం తగ్గుతుందా, పెరుగుతుందా? అబద్ధమాడకండి. పెరుగుతుంది. దెయ్యాన్ని నమ్మేవాడు త్వరగా దాటిపోవాలని పెంచుతాడు. నమ్మనివాడు తన ధైర్యం చూపించుకోవాలని పెంచుతాడు. నేను రెండో రకం. పోయిన శనివారం పావగడ తాలూకాలో ఆ సంగతి నాకు తెలిసివచ్చింది.

పావగడలో నా పాత మిత్రుడు ఈరన్న ఉన్నాడు, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారు. ఫోన్ చేసి అన్నాడు: "సోలార్ పార్కు రోడ్లో ఒకే చోట ముగ్గురు బండ్ల మీదనుంచి పడినారప్పా. ఆడ చెడు గాలి ఉండాదని మంగళవారం పొట్టేలు కోస్తారంట. నువ్వు పుస్తకాల్లో రాసుకునేది కాదు, ఈడికొచ్చి చెప్పు." ఇలాంటి మాటతో నన్ను ఎక్కడికైనా రప్పించవచ్చు.

హిందూపురంలో ఉదయం ఆరున్నరకు మడకశిర మీదుగా వెళ్ళే బస్సెక్కాను. పొద్దున పోయేవాళ్ళు ఎడమ వైపు కిటికీ పట్టుకోండి, ఎండ తగలదు. టిక్కెట్టుకు చిల్లర ఉంచుకోండి, కండక్టరు మూడ్ బాగుంటుంది. మడకశిర దాటాక పూలబుట్టతో ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. ఎక్కడికని అడిగింది. చెప్పాను.

"సోలార్ చూసేకా? ఆడ చూసేకి ఏముండాది నాయనా, అద్దాలు. చెనిక్కాయ చేలు పోయి అద్దాలొచ్చినాయి," అని బుట్ట మీద తడిగుడ్డ సర్దుకుంది.

తొమ్మిదికి పావగడ. బస్టాండు దగ్గర చిత్రాన్నం తిని ఈరన్న ఇంటికి నడిచాను. ఆయనకు మోకాళ్ళ నొప్పి, రాలేడు. తన మోటారు సైకిలు తాళం చేతికిచ్చి, నాగరాజును తోడు పంపాడు. నాగరాజుది బలసముద్రం, ముప్పై ఏళ్ళుంటాయి, సోలార్ పలకలు కడిగే పని. ఆ రోజు అతనికి వారపు సెలవు. పడిన ముగ్గురిలో ఒకడు అతని బామ్మర్ది.

"ఎట్లా పడ్డాడు?" అని అడిగాను.

"రోడ్లోనుంచి నల్లది లేచినాదంట సార్. లేసి మీదికొచ్చినాదంట. కండ్లు తెరిసేసరికి చెయ్యి ఇరిగుండాది."

"మరి ఆ చోట మీరంతా ఏం చేస్తారు?"

"ఊపిరి బిగబట్టి ఇడుస్తాము సార్, బండిని. ఆడ గాలి పీలిస్తే లోపలికి పోతాది. ఊపిరి అయిపోయేలోపల ఆడుండే పొడుగు గోడ దాటల్ల."

పావుతక్కువ పదికి బయలుదేరాం. ఊరు దాటాక రోడ్డు వెడల్పయింది. రెండు వైపులా కంచెలు, కంచెల వెనక చూపు ఆనినంత దూరం నల్లని పలకలు. మలుపు లేదు, గుంత లేదు, చెట్టు లేదు. ఇలాంటి రోడ్డు మనిషి చెవిలో ఒకే మాట చెబుతుంది: ఇంకొంచెం. నా బండి ముల్లు అరవై దాటింది. నాకు యాభై ఎనిమిదేళ్ళు, ముల్లు నా వయసును దాటినందుకు సంతోషించాను కూడా.

పదింబావుకు గోడ వచ్చింది. విద్యుత్ సబ్‌స్టేషన్ ప్రహరీ అది. ఇద్దరు మనుషుల ఎత్తు, అర కిలోమీటరు పొడవు, రోడ్డుకు ఎడమ పక్కనే ఆనుకుని ఉంది. గోడ మొదట్లో పసుపు రాయి, ఎండిన నిమ్మకాయలు. బండి దిగి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాను. తారు నున్నగా ఉంది. నూనె మరక లేదు, ఇసుక లేదు. ఎండ గోడ మీద తెల్లగా కొడుతోంది. ఊపిరి పట్టి అర కిలోమీటరు దాటాలంటే ఎంత వేగం కావాలో మీరే లెక్క వేసుకోండి. ఆ రోడ్డులో వేగం నిర్ణయిస్తున్నది బోర్డు కాదు, ఊపిరితిత్తులు. అయితే వేగంగా పోయిన ప్రతివాడూ పడలేదు కదా! ఎందుకు పడ్డారో నాకు అంతుపట్టలేదు.

అంతుపట్టనప్పుడు ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. పక్క ఊరు తిరుమణిలో టీ తాగుతూ పదిమంది ముందు వాదం పెట్టుకున్నాను. "గాలీ లేదు, ధూళీ లేదు. సాయంత్రం ఎనభైలో పోతాను, గోడ పొడవునా గట్టిగా పాట పాడుతూ పోతాను," అన్నాను.

"సార్ పాడితే గాలే పారిపోతాదిలే," అన్నాడు టీ కొట్టాయన. అందరూ నవ్వారు. నాకు రోషం పెరిగింది.

పన్నెండున్నరకు బలసముద్రం పొలిమేరలో ఒక నీళ్ళ ట్యాంకరు నిలిపి ఉంది. దాని కింద, చక్రాల మధ్య, నల్ల గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని పడుకున్నాయి. పక్కన కట్టె పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. నాగరాజు బండి ఆపమన్నాడు. "మా లక్ష్మక్క సార్, మా వీధే. ఏందక్కా, ట్యాంకరు కొన్నావా?"

"నీ పెండ్లాం పుట్టింటోల్లు కొనిచ్చినార్లేరా," అందామె. తర్వాత నాతో అంది: "కంచెలు ఏసినాక నీడ యాడుండాది సామీ? ఇది కదిలిపోతే మళ్ళా తోలుకోని పోవల్ల. పొద్దు వాలితే రోంత నీడ దొరుకుతాది."

ఎక్కడ దొరుకుతుందని నేను అడగలేదు. వాదంలో గెలవాలనుకునేవాడు ప్రశ్నలు తక్కువ అడుగుతాడు.

మధ్యాహ్నం నాగరాజు ఇంట్లో రాగిముద్ద, ఉలవచారు. పార్కు చుట్టూ హోటళ్ళు తక్కువ, భోజనం ఎక్కడో ముందే చూసుకోండి. ఒక కునుకు తీసి లేచేసరికి నాలుగున్నర. పావగడలో ఐదింటికి నా బస్సు. అది తప్పితే ఇంకో గంటకు పైగా కూర్చోవాలి. దూరం ఇరవై కిలోమీటర్లు.

ముల్లు యాభై, అరవై, డెబ్బై. ఎండ కుడి చెంప మీద కొడుతోంది. పలకల మెరుపుకు కళ్ళు చిట్లించి నడుపుతున్నాను. బస్సు ఒక సాకు. అసలు సంగతి పందెం. దూరంగా గోడ కనబడింది. హెల్మెట్‌లో పాట ఎత్తుకోబోయాను.

"గోడ వచ్చినాది సార్! ఇడ్సండి, ఇడ్సండి!" నాగరాజు నా భుజం పట్టుకున్నాడు. ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు వినబడింది.

అతను భయంతో వేగం అడుగుతున్నాడు, నేను గర్వంతో వేగం ఇవ్వబోతున్నాను. ఆ క్షణంలో నాకు సిగ్గేసింది. ఎనభైలో గోడ దాటితే ఏం రుజువవుతుంది? దెయ్యం లేదని కాదు. నేను ఎనభైలో పోయానని మాత్రమే. పైగా నాకొక ప్రశ్న మిగిలే ఉంది. పొద్దున చూసిన చోటు వేరు, ఇప్పుడున్న చోటు వేరు. పొద్దున తెల్లగా వెలిగిన గోడ ఇప్పుడు రోడ్డంతా నల్లగా నీడ పరిచింది. చూడాలంటే నిదానించాలి.

యాక్సిలరేటర్ తిప్పుతున్న మణికట్టు వదులు చేశాను. బ్రేకు నొక్కాను. డెబ్బై, నలభై, ఇరవై.

"ఏంది సార్, సంపుతావా!" అని నాగరాజు అరిచాడు. అరిచేసరికి పట్టిన ఊపిరి పోయింది.

మెరుపులోంచి నీడలోకి దిగగానే నాకేమీ కనిపించలేదు. రెండు మూడు క్షణాలు పూర్తి చీకటి. అప్పుడు ఎదురుగా తారే కదిలినట్టు నల్లగా ఏదో లేచింది. బండి ఆపి కాళ్ళు ఆనించాను.

గొర్రెలు. నల్ల తారు మీద, నల్ల నీడలో, నలభై నల్ల గొర్రెలు. వాటి మధ్య కొంగు ముఖాన కప్పుకుని, కట్టె పక్కన పెట్టుకుని లక్ష్మక్క నిద్రపోతోంది. ముందు చక్రానికి ఆమె కాళ్ళకు మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

ఇంజను ఆపాను. నాగరాజు దిగి గొర్రెల మధ్యకు వెళ్ళాడు. "అక్కా, లేక్కా," అని పిలిచాడు.

ఆమె లేచి కొంగు సర్దుకుంది. సంగతి చెప్పి, మీ నాగరాజు బామ్మర్ది పడింది వీటి మీదేనా అని అడిగాను.

"మా చిన్నాయన గొర్రెల మీద, ఇదే యాళకు. తక్కిన ఇద్దరూ అంతే. ఆయనే గదా ఆయప్పను లేపి నీళ్ళు తాపింది! గొర్రె అడ్డమొచ్చినాదంటే యెవురిన్నారు? అంత మగోడు గొర్రెకు పడతాడా, గాలే తోసినాదన్నారు."

నాగరాజు నోరు తెరిచి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా. "గొర్రెంటే పరువు తక్కువని గాలి చేసినాడు సార్, నా కొడుకు!"

నాకు నవ్వు రాలేదు. పాట పాడుతూ ఎనభైలో వచ్చి ఉంటే నేనేమని చెప్పేవాణ్ణి? హేతువాదం అడ్డమొచ్చిందనా?

పది నిమిషాలు అక్కడే ఉన్నాం. లక్ష్మక్క మూటలోంచి ఎర్ర చీర పేలిక ఒకటి తీసింది. నాగరాజు దాన్ని రోడ్డు మీదికి కనబడేట్టు కంచెకు, నీడ మొదలయ్యే చోటికి చాలా ముందే కట్టాడు. ఐదింటి బస్సు నాకోసం ఆగలేదు. ముప్పైలో నడుపుకుంటూ పావగడ చేరేసరికి ఐదున్నర దాటింది. అంత హాయిగా నేనెప్పుడూ బస్సు పోగొట్టుకోలేదు. ఈరన్నతో టీ తాగి ఆరుంబావు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని నా రెండు కాళ్ళూ, రెండు చేతులూ ఉన్నాయని చాలాసార్లు చూసుకున్నాను.

మడకశిర దగ్గర నాగరాజు ఫోన్. "గోడకు ఆ చివరా గుడ్డ కట్టినాము సార్. టీ కొట్టుకాడ అందరికీ చెప్పినా. మా బామ్మర్దికి మాత్రం మొగం సెల్లలేదు."

"మంచిది. పొట్టేలు?"

"అది మాత్రం కోస్తారంట సార్, మసాలా తెచ్చేసినారు."

కోసుకుని తినండి, ఎవరికీ మొక్కకండి అన్నాను. చెడు గాలి ఉందన్న ఆ ఊరి భయమూ, లేదన్న నా పొగరూ ఒకే మణికట్టును తిప్పాయి. ఆ గోడ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే.

మీ ఊరి దారిలోనూ నిమ్మకాయలు గుచ్చిన చోటు ఒకటి ఉంటుంది. రేపే వెళ్ళండి. జనం పడిన వేళకే వెళ్ళండి. బండి దిగి, ఊపిరి నిండా పీల్చుకుని, ఆ రోడ్డు మీద నడవండి. ఎందుకు పడుతున్నారో కనిపెట్టి, అక్కడొక ఎర్రగుడ్డ కట్టి రండి.