వట్లూరు సిస్టరుగారి రీళ్లు

పోయిన ఆదివారం ఉదయం ఒకాయన బాగుచెయ్యమని పాత గాలం రీలు, దాంతోపాటు చిన్న సీసాడు కిరసనాయిలు తెచ్చి ఇచ్చాడు. ఈ రోజుల్లో కిరసనాయిలు దొరకడమే గగనం. చాలాకాలంగా నేను పెయింట్ల కొట్లో టర్పెంటైన్ కొనుక్కుని సరిపెట్టుకుంటున్నాను. గిన్నెలో పోసి, చిలుము పట్టిన ఇత్తడి పళ్లచక్రాన్ని అందులో వేసి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టాను. కాసేపటికి ఎండి గట్టిపడిన గ్రీజు కరిగింది. దాని ముతక వాసన కిరసనాయిలు వాసనతో కలిసి గదంతా పరుచుకుంది. నా చెయ్యి ఆగిపోయింది. తాడేపల్లిగూడెంలో నేనొక్కణ్ణే ఉండే ఈ గదిలో కూర్చుని, శాంతకుమారి సిస్టరుగారిని తలుచుకుంటూ చాలాసేపు ఏ పనీ చేయకుండా ఉండిపోయాను. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆవిడ గురించి మాట్లాడుకోవడానికి ఈ ఊళ్లో నాకు తెలిసినవాళ్లలో ఆవిడని ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను.

నేను ఏలూరు పక్కనున్న వట్లూరు వెళ్లేనాటికి నాకు ముప్ఫై మూడేళ్లు. అక్కడి కాలేజీ ఒకదానిలో ఫిజిక్సు ల్యాబు అసిస్టెంటు ఉద్యోగం దొరికింది. ఉద్యోగం కోసం వెళ్లానని అందరికీ చెప్పాను కానీ, నిజానికి పెళ్లి నుంచి పారిపోయి వెళ్లాను. అనూరాధతో కాపురం రెండేళ్లయినా నిండలేదు. ఆమె తప్పేమీ లేదు. ఇంట్లో ఇంకో మనిషి ఉండడం నా వల్ల కాలేదు. ఆ మాట ఆమెతో చెప్పడం అంతకన్నా చేతకాలేదు. ఏలూరులో గది చూసుకుని వస్తానని చెప్పి బస్సెక్కాను. నాలుగు నెలల తరవాత వకీలు చేత నోటీసు పంపించాను. అనూరాధ వాళ్లూ మొండికెయ్యలేదు, పట్టుబట్టలేదు. ఏడాది తిరిగేసరికి అంతా కాగితాల మీదే ముగిసిపోయింది.

అద్దెకు దిగిన ఇల్లు శాంతకుమారి గారిది. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఆరేళ్లు ఆపరేషను థియేటరు నర్సుగా చేసి రిటైరయిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. కింద ఆవిడ, పైన నేను. ఊళ్లో అందరూ సిస్టరుగారు అనేవారు, నేనూ అలాగే పిలిచాను. మొదటి మూడు నెలలూ మా మధ్య మాటలన్నీ నీళ్ల మోటారు గురించే. "మోటారు వేశానండి." "అలాగేనండి, నిండితే చెప్తాను." అంతే. ఆదివారం పొద్దున్న ఆవిడ తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లి, పదకొండింటికి తిరిగొచ్చి తలుపు వేసుకునేవారు. సాయంత్రం దాకా కింద నుంచి ఏ చప్పుడూ వినపడేది కాదు. నా గదిలోంచి కూడా ఆవిడకి ఏమీ వినపడి ఉండదు.

ఒక ఆదివారం మోటారు పనిచేయక కిందికి వెళ్లాను. వరండాలో చాప మీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. దాని పక్కన ఆసుపత్రుల్లో కత్తెరలు, చిమటాలు పెట్టే స్టీలు ట్రే. ట్రేలో ఇత్తడి చక్రాలు, మరలు, వాషర్లు ఒక వరసలో పేర్చి ఉన్నాయి.

"ఏవండీ, అక్కడే ఆగండి. గుడ్డ మీద స్ప్రింగు ఉంది, తొక్కేస్తారు" అన్నారు.

ఆగాను. ఆవిడ చిమటాతో ఆ స్ప్రింగుని పట్టుకోబోయారు. మూడుసార్లు జారిపోయింది. అప్పుడు చూశాను, ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. ఆవిడ చిమటా కింద పెట్టి, నా వైపు కాకుండా నా చేతుల వైపు చూశారు.

"మీ చేతులు వణుకుతాయా అండీ?"

"లేదండి."

"అయితే కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చోండి."

గాలం కర్రకి బిగించి, దారం చుట్టుకోవడానికీ వదలడానికీ వాడే చిన్న చక్రాన్ని రీలంటారని ఆ రోజే నాకు తెలిసింది. ఆసుపత్రిలో ఒకప్పుడు పనిచేసిన దొర డాక్టరు శనివారాలు కొల్లేరు వెళ్లి గాలం వేసేవాడట. తన దేశం వెళ్లిపోతూ, ఆపరేషను సామాను అందరికన్నా శుభ్రంగా ఉంచేది ఈవిడేనని, చెడిపోయిన రీళ్లున్న పెట్టె ఒకటి ఈవిడ చేతికిచ్చాడు. అది అటక మీద అలాగే ఉండిపోయింది. రిటైరయ్యాక ఒకరోజు దింపి తెరిచారు. ఏడింటిలో ఒక్కటీ తిరగలేదు. ఒక్కొక్కటే విప్పుకుంటూ, దేని పక్కన ఏదుందో కాగితం మీద బొమ్మ గీసుకుంటూ, తనంతట తనే నేర్చుకున్నారు. పాత గడియారం స్ప్రింగు కత్తిరించి రీలుకి పనికొచ్చేలా వంచడం, కుట్టుమిషను నూనె అగ్గిపుల్ల కొసతో ఒక్క చుక్క పెట్టడం, అరిగిన పన్ను ఆకురాయితో సరిచేయడం. ఆ సంగతి ఆనోటా ఈనోటా పాకి, కొల్లేరు చుట్టుపక్కల పాత రీళ్లున్నవాళ్లు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు.

"మీరూ చేపలు పడతారా?" అని అడిగాను.

"అబ్బే, లేదండి. వండుకుంటాను గానీ, అది గిలగిల్లాడుతుంటే చూళ్లేను. నా ఉద్యోగమంతా దానికి ఎదురే కదండీ" అన్నారు నవ్వకుండా.

ఆ తరవాత ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను కిందికి వెళ్లేవాణ్ణి. ఆవిడ చెప్పేవారు, నేను చేసేవాణ్ణి. మరలు విప్పిన వరసలోనే ట్రేలో పెట్టాలి. మూత బిగించే ముందు ట్రేలో ఏమైనా మిగిలిందేమో ఇద్దరం చూడాలి. బలం పెట్టకూడదు. "రాకపోతే మళ్లీ నూనె వేసి ఊరుకోండి. రేపు వస్తుంది" అనేవారు. కోర్టు కాగితాలు ఆవిడ చేతి మీదుగానే నాకు వచ్చినా, నా పెళ్లి గురించి ఆవిడ అడగలేదు. ఆవిడ పెళ్లెందుకు చేసుకోలేదో నేనూ అడగలేదు. ఒక్కోసారి గంటసేపు మాటే ఉండేది కాదు. అయినా ఆ గంట మిగతా వారమంతా గడవడానికి సరిపోయేది. ఆవిడ నాకన్నా ముప్ఫై ఏళ్లు పెద్ద. ఒక్కసారైనా నన్ను నువ్వు అనలేదు.

రెండో ఏడు వేసవిలో గుండుగొలను నుంచి రాజుగారని ఒక పెద్దాయన వచ్చారు. చెరువులున్న రైతు. ఆయన తెచ్చిన ఇత్తడి రీలు పూర్తిగా బిగుసుకుపోయింది. పిడికి నల్లటి దారం చుట్టి ఉంది, జిడ్డోడుతూ. "మా వాడిదండి. కామెర్లొచ్చి పోయాడు. తిరిగేలా చేస్తే చాలు" అని, ఇంకేమీ చెప్పకుండా వెళ్లిపోయారు.

ఆ వారమే సిస్టరుగారు చేతి వణుకు చూపించుకోవడానికి విజయవాడ వెళ్లారు. మూడు రోజులు పడుతుందన్నారు. ఆవిడ వచ్చేసరికి రీలు సిద్ధం చేసి చూపించాలని నాకు కోరిక పుట్టింది. జీవితంలో ఎవరినైనా సంతోషపెట్టాలని నాకు అనిపించిన సందర్భాలు తక్కువ, అది వాటిలో ఒకటి. రీలు విప్పాను, కడిగాను, విరిగిన స్ప్రింగు మార్చాను. నీళ్లు జారినట్టు తిరిగింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పిడికున్న దారం కోసి పారేశాను. కాలేజీ వర్కుషాపుకి పట్టుకెళ్లి మెరుగు చక్రం మీద పెట్టించాను. బొటనవేలు ఆనీ ఆనీ అంచు మీద పడిన నల్లటి మచ్చ కూడా పోయి, కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు తళతళలాడింది.

సిస్టరుగారు వచ్చి, సంచి కూడా దించకుండా రీలు చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. తరవాత పిడి మీద వేలు పెట్టి, "దారం ఏదండీ?" అన్నారు.

"జిడ్డుగా ఉందని తీసేశానండి."

"ఎక్కడుంది?"

చెత్త ట్రాక్టరు నిన్ననే వచ్చి వెళ్లిందని చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. "తుప్పు తియ్యమన్నారండి ఆయన. పిల్లాణ్ణి తియ్యమన్లేదు" అన్నారు. గొంతు పెంచలేదు. థియేటర్లో ఏదైనా పొరపాటు జరిగినప్పుడు ఇలాగే మాట్లాడి ఉంటారనిపించింది.

"మీరే ఆయనకి ఏదో ఒకటి చెప్పండి సిస్టరుగారూ" అన్నాను.

"నేను చెప్పనండి. చేసింది మీరు. రేపు మీరే తీసుకెళ్లి ఆయన చేతికిచ్చి, ఏం చేశారో చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి."

మర్నాడు గుండుగొలను బస్సులో, రీలు బస్సులోనే మర్చిపోయినట్టు దిగిపోదామా అని కూడా ఆలోచించాను. రాజుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. గుడ్డ విప్పి ఇచ్చి, కూర్చోకముందే చెప్పేశాను. దారం నేనే కోశాను, అడగకుండా కోశాను, ఇక అది దొరకదు. ఆయన రీలుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. పిడి తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది.

"బాగా తిరుగుతోందండీ" అన్నారు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఎవరిదో పరాయివాళ్లది అనిపిస్తోంది" అన్నారు.

వెళ్లిపోదామని వెనక్కి తిరిగాను. ఆయన లోపలికి వెళ్లి, వల అల్లే నల్లదారం ఉండ పట్టుకొచ్చారు. "మీ చెయ్యి బాగుంది కదా, చుట్టండి. నేను చెప్తాను" అన్నారు. నేను చుట్టాను. రెండు చుట్లు వేయగానే ఆపారు. "అలా కాదండి. వాడిది ఎడంచేతివాటం. అటు నుంచి వచ్చేవాడు." విప్పి మళ్లీ చుట్టాను. ప్రతి నాలుగో చుట్టుకీ ముడి వేసేవాడట. ఎందుకురా అంటే తడి చేత్తో జారదు నాన్నా అనేవాడట. దారం అయిపోయేసరికి, ఆ కుర్రాడు ఏ గట్టు మీద కూర్చునేవాడో, ఎన్నిసార్లు బడి ఎగ్గొట్టాడో, మొదటి కొర్రమీను తెచ్చి వాళ్లమ్మకి చూపించినప్పుడు ఎలా నవ్వాడో అన్నీ చెప్పారు. లోపల నుంచి రాజుగారి భార్య వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి విన్నారు. "వాడు పోయాక ఇన్ని మాటలు ఆయన మాట్లాడ్డం ఇదే మొదలండి" అని నాకు అన్నం పెట్టారు.

సాయంత్రం తిరిగొస్తే సిస్టరుగారు గేటు దగ్గరే ఉన్నారు. "చెప్పారా?" అన్నారు. చెప్పానన్నాను. "అన్నం తిన్నారా?" అన్నారు. తిన్నానన్నాను. లోపలికి వెళ్లబోయి ఆగి, ఆ రెండేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగారు.

"ఏవండీ, మీ ఆవిడకి మీరే చెప్పారా, కాగితం చెప్పిందా?"

నేను మెట్లవైపు నడిచాను. ఆవిడ ఇంకోసారి అడగలేదు. కానీ ఆ ప్రశ్న నాతో పాటే మెట్లెక్కి పైకి వచ్చింది. నెలరోజులు నన్ను నిలవనియ్యలేదు. చివరికి ఒక శనివారం తాడేపల్లిగూడెం వెళ్లి అనూరాధ వాళ్ల గేటు ముందు నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చింది, గేటు తియ్యలేదు. నీలో ఏ లోపమూ లేదు, భయపడింది నేను, ఆ సంగతి నీ మొహం చూసి చెప్పలేక వెళ్లిపోయాను అన్నాను. ఆమె గేటు కడ్డీ పట్టుకుంది.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే, నాలో ఏముందా అని నేను ఇన్నాళ్లు వెతుక్కునేదాన్ని కాదు కదండీ" అంది. తరవాత, "వెళ్లండి. వచ్చినందుకు సంతోషం" అని లోపలికి వెళ్లిపోయింది. క్షమించిందో లేదో తెలియదు. నాకు తేలికపడిందని కూడా చెప్పలేను. ఆమె వెతుక్కోవడం మాత్రం ఆగి ఉంటుందని అనుకుంటాను.

ఇంకో నాలుగేళ్లకి సిస్టరుగారికి గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమైంది. నల్లజర్ల నుంచి మేనకోడలు గ్రేసు వచ్చి తీసుకెళ్లింది. ఇల్లు అమ్మేశారు. నాకు తాడేపల్లిగూడెంలో వేరే కాలేజీలో ఉద్యోగం దొరికి మారిపోయాను. మొదట్లో నెలకోసారి, రెండో శనివారం సెలవునాడు, నల్లజర్ల వెళ్లేవాణ్ణి. ఆవిడ మాట కూడా తడబడుతోంది, ఎక్కువసేపు కూర్చోలేకపోయేవారు. నాకు చూడడం కష్టంగా ఉండేది. రెండు నెలలకోసారి అయింది, తరవాత మూడు నెలలు దాటింది. ఆవిడ పోయిన సంగతి నాకు తొమ్మిది రోజుల తరవాత, రీలు బాగుచేయించుకోవడానికి వచ్చిన మనిషి ద్వారా తెలిసింది. నాకు కబురు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. తోచడానికి నేను చుట్టాన్నీ కాదు, వాళ్ల చర్చి సంఘం మనిషినీ కాదు.

ఆ రోజే నల్లజర్ల వెళ్లాను. గ్రేసు సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. ఇంకా పచ్చిమట్టే, ఎండిన బంతిపూల దండలు. వాళ్ల పాస్టరు గారెవరో అటుగా వచ్చి, "మీరేమవుతారండీ?" అని అడిగారు. "వాళ్లింట్లో పైన అద్దెకుండేవాణ్ణండి" అన్నాను. ఇంకే పేరూ దొరకలేదు. ఆయన తల ఊపి వెళ్లిపోయారు.

గ్రేసు దగ్గర కూడా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పరీక్షలనో, ఆరోగ్యం బాగోలేదనో అంటే ఆమె నమ్మేది. నోటిదాకా వచ్చింది కూడా.

"మూడు నెలలు నేను కావాలనే రాలేదమ్మా. పని ఉండి కాదు. ఆవిణ్ణి అలా చూడలేక మానేశాను" అన్నాను.

గ్రేసు నా వైపు తిరిగింది. "రెండో శనివారం వస్తే గుమ్మం వైపు కుర్చీ వేయమనేదండి అత్త. చీకటిపడ్డాక తియ్యమనేది" అంది. కోపంగా అనలేదు. నేను అడిగేదాకా ఆగలేదు, అంతే.

ఆ మాటని దించుకునే చోటు నాకు ఇంతవరకూ దొరకలేదు. అయినా అది వినకుండా వచ్చేసి ఉంటే బాగుండేదని మాత్రం ఒక్కరోజూ అనుకోలేదు.