ఆయన ముంచితే ఎక్కని పసుపు

దయ్యాలూ గాలి సోకడాలూ అంటే నాకు మొదటి నుంచీ ఒళ్లుమంట. మా ఆడబిడ్డ ఒకసారి జుట్టు విరబోసుకుని ఊగుతుంటే అందరూ దండాలు పెట్టారు. నేను చెంబెడు చన్నీళ్లు ఆమె ముఖం మీద కొట్టాను. ఊగడం ఆగింది. ఆ తర్వాత నాతో ఏడాది మాట్లాడలేదు, అది వేరే సంగతి. అలాంటి నేను కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. కానీ నా కళ్లతో చూశాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

మాది వరంగల్ మట్టెవాడ. మా ఆయన కుమారస్వామి జంపఖానాల నూలుకు రంగు వేస్తాడు, నేను పక్కనుండి సాయం చేస్తాను. రంగేసిన నూలు నేసేవాళ్ల ఇళ్లకు పోతుంది. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో పొయ్యి మీద పెద్ద గంగాళం. నూలు చుట్టల్ని మేం చిలపలంటాం. చిలపను కర్రకు తగిలించి, కర్ర రెండు కొసలూ పట్టుకుని రంగునీళ్లలో ముంచి తిప్పుతాం. పొడి కలిపేటప్పుడూ, ఆరేసేటప్పుడూ చేతులకు రంగు అంటుతుంది గానీ, ముంచేటప్పుడు మాత్రం చెయ్యి నీళ్లకు తగలదు.

ఆ ఎండాకాలం ఒక ఫంక్షన్ హాల్ వాళ్లు బంతిపువ్వు పసుపులో జంపఖానాలు కావాలన్నారు. నెల రోజులు ఇంట్లో ఎటు చూసినా పసుపే. గోళ్లు పసుపు, తలుపు గొళ్లెం పసుపు, చాయ్ గ్లాసు పసుపు. షెడ్డులో ఆరేసిన చిలపల కింద నిలబడితే ఎవరి ముఖమైనా పచ్చగానే కనబడేది.

ఆ రోజుల్లోనే ఆయనకు దురద మొదలైంది. అరచేతులు, అరికాళ్లు, తర్వాత ఒళ్లంతా. ఒక్క దద్దురు లేదు. గోడకేసి వీపు రుద్దుకునేవాడు, దువ్వెనతో గీకమనేవాడు. రంగు పొడి పడలేదనుకుని కొబ్బరినూనె రాశాను. అన్నం సయించడం లేదంటే ఎండలన్నాను. మూత్రం బాగా ముదురుగా వస్తోందంటే, నీళ్లు తాగి చావమని కసిరాను. గోళ్లు ఎంత కడిగినా పచ్చగానే ఉన్నాయంటే, రంగేసేవాడి గోళ్లు ఎలా ఉంటాయి మరి అని నవ్వాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక మంగళవారం పొద్దున ఏడు గంటలకు ఆయన మొదటి కర్ర ముంచాడు. పది నిమిషాలు తిప్పి పైకెత్తాడు. పచ్చటి నీళ్లు జారిపోయాయి, నూలు మాత్రం తెల్లగానే ఉంది. శుభ్రమైన తెలుపు కూడా కాదు, సుద్దమట్టిలా పాలిపోయిన తెలుపు.

"నూలుకు నూనె అంటినట్టుంది" అని ఇంకొకటి ముంచాడు. అదీ అంతే.

నాకు చిరాకు వేసింది. ఆయన చేతిలోంచి కర్ర లాక్కుని, అదే కట్టలోంచి ఇంకో చిలప తగిలించి, అదే గంగాళంలో ముంచాను. చూస్తుండగానే రంగు పట్టేసింది. కర్రల్లో ఏమైనా తేడా ఉందేమోనని మార్చుకున్నాం. నేను ముంచింది పసుపు, ఆయన ముంచింది తెలుపు. ఆఖరికి ఆయన పక్కన పడేసిన తెల్ల చిలపనే తీసి నేను ముంచాను. ఎక్కింది. నాలుగుసార్లు ఇలాగే చేసి చూశాం.

షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూస్తున్న మా అత్తమ్మ గుండెలు బాదుకుంది. "ఎవలో ఏదో చేసిండ్రు బిడ్డా నా కొడుక్కు!"

"నువ్వు జర ఊకో అత్తమ్మా" అన్నాను.

ఆయన మాత్రం ఆ తెల్ల చిలపనే చూస్తూ నేల మీద చతికిలబడ్డాడు.

"సుజాతా, సిగ్గయి నీకు చెప్పలే. పది రోజుల సంది నాకు దొడ్డికి గూడ గిదే రంగు పోతాంది. గిట్లనే, సుద్ద లెక్క."

చెయ్యి పట్టి బజారులోకి ఈడ్చుకొచ్చాను. ఎండలో నిలబెట్టి కనురెప్ప పైకి లాగి చూశాను. దేవుడా! కంట్లో తెలుపన్నదే లేదు, అంతా పసుపే. చేతికైతే రంగు అంటింది, కంట్లోకి ఎలా పోయింది? నెల రోజులుగా ఆ షెడ్డులో ఆ మనిషి ఎదురుగా నిలబడి పని చేశాను. ఒక్కనాడూ నాకు కనబడలేదు.

కామెర్లని తెలియగానే మా అత్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. "గింతేనా! కామెర్లకు దవాఖాన ఎందుకే? హసన్‌పర్తి దిక్కు పసరు పోసేటాయన ఉన్నడు. మూడు పొద్దులు పోయించి, ఉప్పులేని కూడు పెడితే అదే దిగుతది."

ఆయన కూడా అటే మొగ్గాడు. "ముందుగాల గది చూద్దాం. దవాఖానకు పోతే టెస్టులని తిప్పుతరు."

"పసరు నేను తాగుత. నువ్వు నోరు మూసుకొని బండెక్కు" అన్నాను. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన మీద అంత గట్టిగా అరవడం అదే మొదలు.

హన్మకొండలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. సాయంత్రానికే ఆయనకు చలిజ్వరం వచ్చి మంచం ఎగిరెగిరి పడింది. స్కానింగు చూసిన డాక్టరు నన్ను పిలిచి, కాగితం వెనక బొమ్మ గీసి చూపించాడు. లివర్‌లో పైత్యరసం తయారవుతుందట. అది సన్నటి గొట్టంలోంచి పేగులోకి దిగాలి. మలానికి రంగు వచ్చేది దాని వల్లే. ఈయనకు ఆ గొట్టంలో రాయి అడ్డం పడింది. రసం కిందికి దిగక, వెనక్కి తన్ని రక్తంలో కలిసింది. అందుకే కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం ముదిరింది, ఒళ్లంతా దురద. ఇలా రసం పారకుండా నిలిచిపోవడాన్ని కొలెస్టాసిస్ అంటారని చెప్పాడు.

"రంగు పోవాల్సిన చోటికి పోలేదమ్మా, అంతే" అన్నాడు డాక్టరు మామూలుగా. నాకు షెడ్డులోని తెల్ల చిలప కళ్ల ముందు మెదిలింది.

పసరు సంగతి కూడా చెప్పాను. ఆ నిలిచిన రసంలో అప్పటికే చీము పడుతోందట. మూడు రోజులు పసరుతో గడిపి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు.

మర్నాడు నోట్లోంచి గొట్టం దింపి చూశారు. రాయి పెద్దది, ఒకేసారి రాలేదు. అప్పటికి రసం దిగేలా లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం పెట్టి, మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు. రెండు రోజులకు ఆయన బాత్రూంలోంచి వచ్చి, "రంగు వచ్చిందే" అన్నాడు. వార్డులో అందరి ముందూ భోరున ఏడ్చాను. అలాంటి కబురుకు ఏడ్చిన పెళ్లాన్ని నేనొక్కదాన్నేనేమో.

ఇంటికొచ్చాక నా బుద్ధి మళ్లీ లెక్కలు వెతికింది. ఒంట్లో చేరిన ఆ రసం చెమటలో వచ్చి నూలుకు అంటిందేమో అనుకున్నాను. కానీ ముంచేటప్పుడు చెయ్యి తగిలేది కర్ర కొసలకే, పైగా ఆ కర్రతోనే నేను ముంచితే రంగెక్కింది. రంగు అమ్మే దుకాణాయనను అడిగితే, చెమట పడితే మరకలు రావచ్చు గానీ చిలప మొత్తం తెల్లగా ఉండటం తానెప్పుడూ వినలేదన్నాడు. మూడు వారాలకు ఆయన మళ్లీ పనిలోకి దిగాడు. ముంచిన ప్రతి చిలపా చక్కగా రంగెక్కింది. పోనీలే, ఏదో అయిందని మర్చిపోదామనుకున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఆరో వారం. దురద లేదు, జ్వరం లేదు, ముందు రోజు అన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. రోజూ పొద్దున్నే ఎండలో నిలబెట్టి కళ్లు చూస్తున్నాను, తెల్లగా ఉన్నాయి. ఆ పూట వేస్తున్నది పసుపు కూడా కాదు, నీలం. మొదటి కర్ర ముంచి ఎత్తాడు.

సుద్ద తెలుపు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆయన కర్ర దించి చొక్కా వేసుకున్నాడు, నేను పొయ్యిలో నీళ్లు పోశాను. పావుగంటలో బండి మీద ఉన్నాం.

"ఇంకా టైముంది కదమ్మా, ఎందుకొచ్చారు? జ్వరమా, దురదా?" అన్నాడు డాక్టరు. ఏమీ లేదన్నాను. మరెందుకంటే ఏమని చెప్పను? "పాణం మంచిగ అనిపిస్తలేదు సార్, ఒక్కసారి రక్తం చూడుండ్రి" అని బతిమాలాను.

మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. డాక్టరు రెండుసార్లు చదివి, వెంటనే స్కానింగు చేయించాడు. లోపల పెట్టిన గొట్టం మూసుకుపోతోంది, ఈరోజే మార్చాలన్నాడు. ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే మళ్లీ మొదటికొచ్చేదట. అప్పుడు కళ్లజోడు తీసి నన్ను అడిగాడు.

"పైకి ఒక్క లక్షణం లేదు. నేనైతే ఇంటికి పంపించేసేవాణ్ని. మీకెలా తెలిసిందమ్మా?"

మా ఆయన నా వైపు చూశాడు. "ఎందుకో గట్ల అనిపించింది సార్" అని, సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాను.

తర్వాత రాయి మొత్తం తీశారు, గొట్టమూ తీసేశారు, మా ఆయన బాగున్నాడు. పని మానుకోమంటే వినడు. రోజూ పొద్దున మొదటి కర్ర ఆయనే ముంచుతాడు. అది పైకి లేచేదాకా నేను ఊపిరి బిగబట్టి గంగాళం పక్కనే నిలబడతాను.