రిమోట్‌కు అంటిన మైల

శంషాబాద్‌లో మేం కిరాయికి ఉన్న ఇంటి ఓనరు కొత్తూరులో ఒక ఫ్యాక్టరీకి కరెంటు పనుల సూపర్‌వైజరు. సెలవు రోజుల్లో టీవీ ముందు వీడియో గేము గోల్ఫ్ ఆడేవాడు. రిమోట్ పట్టుకుని కర్రలా ఊపితే తెరమీద బంతి ఎగురుతుంది. ఊపే ముందు ప్రతిసారీ దాన్ని కళ్లకద్దుకునేవాడు. అయినా బంతి నీళ్లలోనే పడేది. "దిష్టి తాకింది సారూ" అనేవాడు. ఆట రాదని ఒప్పుకోవడం కన్నా అది సులువు.

ఒక ఆదివారం నీళ్ల మోటారు సంగతి అడగడానికి వెళ్లాను. ఫోన్ వచ్చి ఆయన పెరట్లోకి నడవగానే, ఇంటర్ చదివే కూతురు వసారాలోంచి లోపలికొచ్చింది. రిమోట్ అందుకుని ఒక్క ఊపుతో బంతిని గుంతలో వేసింది. నేను చప్పట్లు కొట్టాను.

చప్పుడు విని ఆయన పరుగెత్తుకొచ్చాడు. "బయటున్నదానివి, రిమోట్ ఎందుకు ముట్టినవే?"

నెలసరి మూడు రోజులూ ఆ పిల్ల వసారా దాటకూడదట. ఆమెను మళ్లీ అక్కడికే తరిమి, రిమోట్‌ను పసుపు నీళ్ల గిన్నెలో ముంచి తీశాడు. కరెంటు తెలిసిన మనిషి! తుడిచి ఊపాడు. తెరమీద ఏమీ కదలలేదు.

"చూసిన్రా సారూ, మైల ఎంత పనిచేసిందో!" అన్నాడు నాతో, గెలిచినవాడిలా.

"నేను ముట్టినప్పుడు మంచిగనే ఆడింది గద బాపూ? నీళ్లల్ల ముంచినంకనే ఖరాబైంది" అంది కూతురు.

"నోర్ముయ్!"

ఆ ఇంట్లో కారణం వెతికిన మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఆయన వసారాలో కూర్చోబెట్టింది ఆమెనే.