ఊడుపుల బొమ్మ మీద నేను రాసిన మాట

ఫ్లెక్సీలు వచ్చి సైన్‌బోర్డులు రాసే నా పని పోయాక, నలభై దాటిన వయసులో విజయనగరంలో డ్రాయింగు టీచరు డిగ్రీలో చేరాను. క్లాసులో నా చేతికి ఎదురులేదు. బోర్డు మీద బొమ్మ వెయ్యాలంటే లెక్చరర్లు కూడా సుద్దముక్క నాకే ఇచ్చేవారు.

నా పక్క బెంచీలో ఒక రైతుల ఇంటి అమ్మాయి కూర్చునేది. ఆమె గీస్తే కుండ కూడా ఒకవైపు ఒరిగిపోయేది. "అన్నియ్యా, నాను గీసిన ఆవుని సూసి మా ఆవే బెదిరిపోయింది" అని తనే నవ్వేది. ఆమె మీద నాకు జాలి ఉండేది, టీచింగ్ ప్రాక్టీసు మొదలయ్యేదాకా.

గరివిడి దగ్గర ఒక బడికి మరికొందరితో పాటు మా ఇద్దరినీ పంపారు. నేను బోర్డు మీద చిలకను వేస్తే పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. అందరూ ఆ చిలకనే దించారు. "మాస్టారూ, మీదే బాగున్నాది. మాయి సూడ్డం దేనికి?" అని ఒకడు పుస్తకం మూసేశాడు.

పక్క గదిలో ఆమె సుద్దముక్క ముట్టుకునేది కాదు. "మీ అమ్మ ఏ పని సేస్తాదో అది గియ్యండి" అని ఊరుకునేది. "అక్కా, నాది సూడు! అక్కా, నాది!" అన్న కేకలు గోడ దాటి వచ్చేవి. నా పిల్లలు కూడా చెవులు అటే వేసేవారు. నేను లేచి తలుపు మూసేవాణ్ని.

ఒకరి పాఠం ఒకరు చూసి, పేరు లేకుండా కాగితం మీద అభిప్రాయం రాసి లెక్చరరుకి ఇవ్వాలి. నేను ఆమె పాఠం చూసిన రోజు ఒక ఆరో తరగతి పిల్ల వరి ఊడుపులు గీసింది. బురదలో వరసగా వంగిన ఆడవాళ్లు. ముఖాల్లేవు, వీపులే. చివరి మనిషి వీపు మాత్రం నడుం నొప్పికి కాస్త లేచి ఉంది. నేనైతే అందరికీ నవ్వుముఖాలు పెట్టేవాణ్ని. ఇరవై ఏళ్లు కుంచె పట్టినా నాకు పడని గీత అది. కుండ గియ్యడం రాని మనిషి ఆ గీతను పిల్ల చేత రప్పించింది.

పిల్లల కాగితం మీద టీచరు పెన్సిలు ఆనకూడదన్నది మా చదువులో మొదటి నియమం. నేను రాశాను: "ఊడుపుల బొమ్మలో టీచరు చెయ్యి ఉంది."

అబద్ధం. పీరియడంతా ఆమె కిటికీ దగ్గరే నిలబడి ఉంది.

లెక్చరరు నమ్మాడు. ఆ కాగితం ఆమెకు చూపించి, ప్రాక్టీసు అదే బడిలో మళ్లీ మొదటినుంచి చెయ్యమన్నాడు. ఆమెకు ఏడాది పోయింది. ఆ మధ్యాహ్నమే నా దగ్గరికి వచ్చింది.

"అన్నియ్యా, నా గీత ఎంత వంకరో నీకు తెలీదేటి? సారుకి ఒక్క మాట సెప్పు."

"నేను సరిగ్గా చూడలేదమ్మా" అన్నాను.

ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను శ్రీకాకుళంలో డ్రాయింగు మాస్టారిని. మొన్న ఒక పిల్ల మంచి బొమ్మ తెచ్చి, నేను అడక్కుండానే "ఇది నానే గీసాను సార్" అంది. ఆ సాయంత్రమే నా పాత పక్క బెంచీ అమ్మాయికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను.

"ఆ కాగితం సూసినప్పుడే తెల్సు" అంది. "బోర్డులు రాసే సెయ్యి నీది. అచ్చరాలు దాగుతాయేటి? నువ్వే ఒప్పుకుంటావేమోనని వచ్చాను ఆ రోజు."

"నీ ఏడాది నేనే పోగొట్టాను" అన్నాను.

"నా ఏడాది సంగతి వదిలీ. సంగతి బడిలో తెలిసిపోయి, అక్క గీసింది నీదంటావేటే అని అందరూ ఆ ఊడుపుల పిల్లని ఎక్కిరించారు. మళ్లీ పెన్సిలు పట్టలేదది. సెప్తే దానికి సెప్పు."

రేపు గరివిడి బస్సెక్కుతున్నాను. ఆ గీత తలుచుకుంటే ఇప్పటికీ నాకు కుళ్లే. అందుకే నోరు మళ్లీ వెనకాడుతుందేమోనని ముందే రాసి పెడుతున్నాను: ఆ వీపులన్నీ, లేచిన ఆ చివరి వీపుతో సహా, ఆ పిల్ల గీసినవే.