టిక్కు పడని అమ్మాయి

రిటైరై ఇన్నేళ్లయినా, పొడవాటి వరండాలో నడిచేటప్పుడు నా వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. ఆగి వెనక్కి చూస్తాను. ఎవరూ ఉండరు. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది. అననీయండి.

డెబ్భైల్లో బెజవాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో ఆడపిల్లలు ముందుగా వచ్చి క్లాసులో కూర్చునేవారు కాదు. లేడీస్ రూములో కాచుకుని ఉండి, లెక్చరర్ రాగానే ఆయన వెనకే వరసగా లోపలికి వచ్చేవారు. గంట కొట్టగానే మళ్లీ ఆయన వెనకే బయటికి. ఆడపిల్ల లేచి ప్రశ్న అడిగిందో, వెనక బెంచీల్లోంచి ఈలలు, బల్లల మీద దరువులు. నేను కసిరితే ఆ పూటకి ఆగేవి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చేసిన పనే ఇప్పుడు చెబుతున్నది.

అప్పుడే నాకు పిహెచ్.డి. పిచ్చి పట్టింది. కాలేజీ పిల్లలు చదువు మీద ఎంత మనసు పెడుతున్నారన్నది నా పరిశోధన. పెద్ద కాగితాల మీద గళ్లు గీసి రోల్ నంబర్లు వేశాను. ప్రశ్న అడిగితే ఒక టిక్కు, జవాబు చెబితే ఒక టిక్కు. ఏడాది పొడుగునా టిక్కులు కొట్టాను, అదేదో ఘనకార్యమైనట్టు. కంకిపాడు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రాడి గడి నిండిపోయింది. ఏం ప్రశ్నలండీ అవి! "ధర పెరిగితే రైతు ఎక్కువ పండిస్తాడంటున్నారు కదండీ, మరి కాలవకి నీళ్లు వదలకపోతే ఎట్టా పండిస్తాడండీ?" అన్నాడొకసారి. నాకు జవాబు తోచక రేపు చెబుతానన్నాను. అతని బాబాయి కూతురు కూడా అదే క్లాసు. ముందు బెంచీలో చివర కూర్చునేది. ఆమె గడి ఖాళీ.

మొదటి ఏడాది పరీక్షలయ్యాక ఆ అమ్మాయి తండ్రి భవానీపురంలో మా ఇంటికి వచ్చాడు. వ్యవసాయం చేసుకునే మనిషి. ముంజల సంచి గుమ్మం పక్కన పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాస్టారూ, ఉన్నమాట చెప్పండి. ఇంట్లో అందరూ చదివింది చాల్లే, మాన్పించెయ్ అంటన్నారు. నాకేమో చదివించాలనే ఉందండీ. అమ్మాయికి చదువు మీద ధ్యాస ఉందా, ఊరికే బస్సెక్కి దిగుతోందా? మీరెట్టా అంటే అట్టా చేస్తాను."

తెలియదంటే నా సొమ్మేం పోయేది? లోపలికెళ్లి కాగితం తెచ్చి, వేలు పెట్టి మరీ చూపించాను. "ఇదిగోనండీ, ఏడాదంతా ఒక్క టిక్కు లేదు. మీ అన్నగారబ్బాయిని చూడండి, ఎలా ఉన్నాడో! మీ అమ్మాయికి ఆసక్తి లేదండీ."

మాస్టారు గీతలు గీసి మరీ చెప్పిన మాట కదా, ఆయన ఎదురు ప్రశ్న వెయ్యలేదు. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ముంజలు మేం తిన్నాం.

సెలవులయ్యాక ముందు బెంచీ చివర చోటు ఖాళీ. విచిత్రమేమిటంటే, ఆ కుర్రాడు కూడా నోరు మెదపడం మానేశాడు. రెండు వారాలు చూసి, క్లాసయ్యాక పట్టుకున్నాను.

"ఏమయ్యా, ప్రశ్నలన్నీ అయిపోయాయా?"

అతను తల వంచుకున్నాడు. "అయ్యి నావి కాదండీ. బస్సులో మా చెల్లి రాసిచ్చేదండీ. తను లేస్తే గోల చేస్తారని నన్నడగమనేది. మీరు జవాబు చెబుతుంటే రాసుకునేది."

ఆ గళ్లు దిద్దానా అంటే, లేదు. దిద్దితే పరిశోధనంతా కూలిపోతుందని భయం. డాక్టరేటు వాటికే ఇచ్చారు. ఆ సిగ్గు వేరే.

ఆ ఆదివారమే వాళ్ల ఊరు వెళ్లాను. తండ్రి అరుగు మీద ఉన్నాడు. జరిగినదంతా చెప్పాను, తప్పు నాదేనన్నాను, పిల్లని మళ్లీ పంపమని బతిమాలాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంట్లో దాని పక్కన నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనండీ. మీ మాట విన్నాక నేనూ వాళ్లతో కలిశాను. దానికి చదువబ్బదని మాస్టారే చెప్పారని ఊరంతా చెప్పాను. ఇప్పుడు మాస్టారే కాదన్నారంటే ఎవరు నమ్ముతారండీ? దాని టీసీ కూడా తెచ్చేసుకున్నాం."

అప్పుడు ఆ అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. హాజరు పలకడం తప్ప ఆమె గొంతు నేనెప్పుడూ వినలేదు. గ్లాసు అందించి, తండ్రి వంక ఒకసారి చూసి, నెమ్మదిగానే అడిగింది.

"మా అందరి గురించీ అంత రాసుకున్నారు కదండీ. నన్నొక్కసారి పిలిచి అడగలేకపోయారా సార్?"