ఆ నెల బరువు

మా టీచరమ్మ పోయిన మంగళవారం పొద్దున చనిపోయింది. కబురు వచ్చేసరికి నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో, హాస్టల్ మెస్‌లో బియ్యం కడుగుతున్నాను. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "అక్క పోయింది బాబూ," అని పెట్టేసింది. కడుగుతున్న బియ్యం ఎసట్లో పోసి, పెద్ద వంటమనిషికి చెప్పి బయల్దేరాను. తార్నాక మెట్రో స్టేషన్ కింద రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడ్డాను. అంతకుముందు పదకొండు రోజులుగా నేను ఆ రోడ్డు దాటలేదు. ఎందుకు దాటలేదో కూడా చెప్పాలి.

ఆమె క్యాంపస్ గోడ వెనక మా బస్తీలో అంగన్‌వాడీ టీచర్. గుంటూరు వైపు మనిషి. భర్త చర్చిలో పనిచేసేవాడు, తొందరగానే పోయాడు. పిల్లలు లేరు. రిటైరయ్యాక తార్నాకలో, ఆ రోడ్డు అవతల ఒక గదిలో చెల్లెలితో ఉండేది.

నాకు కవలలు పుట్టారు, ఒక బాబు, ఒక పాప. వాళ్ల ఆరో నెలలో నా భార్య కామెర్లతో పోయింది. నల్లగొండ వైపు మా ఊరి నుంచి అమ్మ వచ్చి పిల్లల్ని చూసుకునేది. ఉగ్గు మాత్రం నేనే చేసి పెట్టి పనికి పోయేవాణ్ని.

మెస్‌లో ఒక పద్ధతి ఉంది. అనుకున్న దానికన్నా ఎక్కువమంది తినడానికి వస్తే పప్పులో వేడినీళ్లు పోస్తాం. అందరికీ అందుతుంది. ఏళ్ల తరబడి ఆ పనిలో ఉన్న చేతికి అది అలవాటైపోయింది. ఇంట్లోనూ అదే చేశాను. ఒకరికి సరిపడా ఉడికించి, ఇద్దరికీ వచ్చేలా నీళ్లు కలిపి, పాలసీసాల్లో పోసి, పీకల చిల్లులు సూదితో పెద్దవి చేసేవాణ్ని. అమ్మకూ అదే నచ్చింది. "చిక్కగుంటే గొంతుల పడ్తది బిడ్డా" అనేది. పిల్లలు సీసా ఖాళీ చేసి పడుకునేవాళ్లు. కడుపు నిండిందనుకున్నాం. ఇంట్లో బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

ఎనిమిదో నెలలో బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజు ఆస్పత్రికి తీసుకుపోతుంటే ఆటోలోనే పోయాడు.

బాబు పోయిన మూడో రోజు టీచరమ్మ వేలాడే కాటా భుజాన వేసుకుని వచ్చింది. అమ్మ ఒళ్లో పాప సీసా తాగుతోంది. టీచరమ్మ ఆ సీసా తీసుకుని తలకిందులు చేసింది. ధార కట్టింది.

"ఇదెవరు చేశారు?"

"నేనే."

ఆమె పాపను తూచింది. అంకె పైకి చదవలేదు. తర్వాత నా వైపు తిరిగింది. "నాలుగొందల మందికి వండుతావంట. ఈ గుప్పెడు వండలేవా? గిన్నె పట్రా."

ఆ రోజు ఆమె చేయించిన ఉగ్గే మా బస్తీలో అందరూ చేస్తున్నారు. మీ ఇంట్లో ఆరు నెలలు దాటిన బిడ్డ ఉంటే మీరూ చేసుకోవచ్చు. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు. కడిగి, బట్ట మీద ఆరబోసి, రెండూ విడివిడిగా సన్నమంట మీద వేయించాలి. పప్పు కమ్మటి వాసన రాగానే దించాలి. ఎర్రబడనిస్తే చేదు. కాస్త జీలకర్ర వేసి మెత్తగా పట్టి డబ్బాలో పెట్టుకోవాలి. పెట్టేటప్పుడు పిండిని ముందు చన్నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, తర్వాత పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా తిప్పుతూ ఉడికించాలి. దించాక ఒక చెంచా నెయ్యి. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర వద్దంది.

ఉడికాక చెంచాతో తీసి పక్కకు వంచింది. ఉగ్గు చెంచాను పట్టుకుని ఉంది. "ఇట్టా వంచితే జారకూడదు. జారిందంటే అది నీళ్లే, తిండి కాదు."

అమ్మ భయపడింది. "గింత చిక్కగనా? పోరి మింగుతదా టీచరమ్మా?"

"మింగుద్ది పెద్దమ్మా. కూర్చోబెట్టి పెట్టు. పడుకోబెట్టి పొయ్యమాక. నోరు తెరిచేదాకా చెంచా ఆపు."

పాప నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ టీచరమ్మ చెయ్యి కదలలేదు. వెళ్లేటప్పుడు సీసాలు రెండూ సంచీలో వేసుకుంది. గోడకు తగిలించిన, నెలనెలా తూచి రాసే బాబు బరువు కార్డు కూడా తీసుకుని, "ఇది నా దగ్గర ఉండనీ" అంది. ఎందుకని నేను అడగలేదు.

తర్వాత ఏడాది పాటు రోజూ, ఆదివారం కూడా ప్రార్థన కాగానే, మా ఇంటికి వచ్చేది. గిన్నె మూత తీసి చెంచా వంచి చూసేది. జారితే నా మొహం మీదే, "మళ్లీ మెస్ పప్పు చేశావా?" అనేది. ఆమె వల్లనే నా బిడ్డ బతికింది. ఇప్పుడు నాలుగో తరగతి. ఒక్క ఇంటికి ఇన్నిసార్లు ఎందుకు వస్తుందని బస్తీలో కొందరు అన్నారు. మంచి మనిషి, అందుకని వస్తోంది అనుకున్నాను నేను.

ఈ వేసవిలో ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. నోట పుండ్లు, మెతుకు పోయేది కాదు. డాక్టరును అడిగి, పని మధ్యలో రోజూ ఉగ్గు చేసి పట్టుకుపోయేవాణ్ని. మొదటి రోజు చెంచా వంచి చూసి నవ్వింది. "నాకు మళ్లీ ఆరో నెల వచ్చింది బాబూ."

ఒక మధ్యాహ్నం సగం తిని ఆపేసింది.

"నీకో మాట చెప్పాలి. ఆ ఏడో నెల నేను మీ పిల్లల్ని తూయలేదు. రెండుసార్లు వచ్చాను, మీ అమ్మ పిల్లల్ని వేసుకుని ఎటో పోయి ఉంది. మర్నాడు తనిఖీకి సూపర్‌వైజరమ్మ వస్తోంది. గడి ఖాళీగా ఉంటే ఊరుకోదు. మీ తలుపు దగ్గరగా వేసే ఉంది, కార్డులు రెండూ గోడకే ఉన్నాయి. ముందు నెల అంకెకి కాస్త కలిపి రాసేశాను. మూడోసారి రాలేదు. తూస్తే తెలిసేది."

నేను గిన్నె అడుగు గీకుతూ కూర్చున్నాను.

"నీళ్లు పోసింది నేను టీచరమ్మా."

"తూయాల్సింది నేను."

మిగిలిన ఉగ్గు ఆమె తినలేదు. గిన్నె కడిగి బోర్లించి వచ్చేశాను. మర్నాటి నుంచి పోలేదు. కోపమా అంటే చెప్పలేను. వండి బిడ్డ చేతికిచ్చి పంపేవాణ్ని. రోజూ వచ్చి అదే చెప్పేది.

"నాన్నా, టీచరమ్మ నిన్ను అడుగుతున్నది."

"పని ఉన్నదని చెప్పు."

"నిన్న గూడ గదే చెప్పిన."

పన్నెండో రోజు మంగళవారం.

ఆమెను మట్టి చేసేటప్పుడు ఎండగా ఉంది. పాస్టరుగారు చెప్పగానే అందరితో పాటు నేనూ గుప్పెడు మట్టి వేశాను. మా బస్తీ ఆడవాళ్లు చాలామంది వచ్చారు, ఆమె చేతి ఉగ్గు తిన్న పిల్లల్ని వెంటబెట్టుకుని. ఆ పిల్లల్లో కొందరు ఎందుకొచ్చారో తెలియక ఆడుకున్నారు.

గదికి తిరిగి వచ్చాక ఆమె చెల్లెలు బైబిల్ తీసి, మధ్యలోంచి ఒక కార్డు నా చేతిలో పెట్టింది. "ఇది నీకియ్యమంది. నువ్వొస్తే తనే ఇద్దామనుకుంది."

నా కొడుకు కార్డు. పుట్టినప్పటి నుంచి ఆరో నెల దాకా అంకెలు ఆమె గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. ఏడో నెల గడిలో అంకె మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. పక్కన సరైన అంకె వేయడానికి జాగా ఉంది. అక్కడ ఏమీ రాసి లేదు.